కంప్యూటరు వేస్తుంది, కోడలు సర్దుతుంది

ఆ ఇంట్లో కంప్యూటరుకి ఉన్న మర్యాద కోడలికి లేదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. కోడలికీ ఉంది. కాకపోతే కంప్యూటరు తర్వాత.

కింద ఎంబ్రాయిడరీ వర్క్‌షాపు, పైన ఇల్లు. ముందుగదిలో పన్నెండు సూదుల మిషను, దాని పక్కన బట్టని ఫ్రేములో బిగించే బల్ల, గోడ పొడుగునా రంగురంగుల దారం కండెలు. వెనకగదిలో కిటికీ పక్కన కంప్యూటరు. దానికి ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న పేరు పెద్దాయన. పెద్దాయన నిద్ర లేవడానికి చాలాసేపు పడుతుంది. లేచాక కాసేపు గుర్రుమంటాడు. మధ్యాహ్నానికి వేడెక్కిపోతాడు. మామగారు కూడా ఇంచుమించు ఇంతే కాబట్టి కోడలికి ఇద్దరితోనూ అలవాటే. అత్తగారైతే ఆ పెట్టె మీద తడి రుమాళ్ళు ఆరేసేది. "ఊరికే పోయే వేడేగా" అనేది.

కొన్నాళ్ళుగా తెర మీద కుడివైపు కింద మూల ఒక నీలం పెట్టె తేలుతోంది. మీ సిస్టం పాతబడింది, త్వరలో దీని బాగోగులు చూడటం మానేస్తాం, కొత్తదానికి మారండి అని దాని సారాంశం. కింద రెండు మీటలు. ఒకటి 'ఇప్పుడే', రెండోది 'తర్వాత గుర్తుచెయ్యి'. వద్దు అనే మీట లేదు. కోడలు రోజూ రెండోది నొక్కి పనిలో పడేది. ఆ ఇంట్లో తర్వాత అంటే వద్దనే అర్థం గానీ కంప్యూటరుకి ఆ సంగతి తెలియదు, మర్నాడు మళ్ళీ అడిగేది. ఆ పోరు చూడలేక ఒకరోజు అత్తగారు కుట్టు కింద వేసే కాగితంగుడ్డ ముక్క ఒకటి కత్తిరించి, తెర మూలకి టేపుతో అతికించేసింది.

"కనపడకపోతే పీడా పోతుంది" అంది.

పీడ పోలేదు. ఆ సోమవారం పొద్దున్నే పాటల టీచరు రూపంలో వచ్చింది.

పాటల టీచరు సన్నగా, హడావిడిగా ఉంటుంది. కూర్చోమన్నా కూర్చోదు. తన దగ్గర పాట నేర్చుకునే పిల్లలు శనివారం కచేరీలో పాడుతున్నారనీ, అందరి కోట్ల వీపుల మీదా ఒక ఆకుల కొమ్మ కుట్టాలనీ నిలబడే చెప్పింది. కోట్లు మూటగట్టి తెచ్చి బల్ల మీద పడేసింది.

"మీ కంప్యూటరు వేసే ఆకులే కావాలండీ. ఇంకెక్కడ వేయించినా అలా రావు. మీవి గాలికి కదులుతున్నట్టుంటాయి."

మామగారు మీసం సవరించుకున్నారు. "మా కంప్యూటరు పాతదేనమ్మా. చెయ్యి మాత్రం మంచిది."

వెనకగది గుమ్మంలో నిలబడ్డ కోడలు ఆ మాటకి తల ఊపింది కూడా. ఆ ఇంట్లో అది అందరూ ఒప్పుకున్న సంగతి. కంప్యూటరు వేస్తుంది, కోడలు సర్దుతుంది. ఎవరైనా ఆమెనే నేరుగా అడిగినా అదే చెప్పేది. "ఆకు గుర్తు నొక్కితే వస్తుందండీ. నేను కొంచెం సర్దుతానంతే."

ఆ సర్దడం ఎలా ఉంటుందో కాస్త చెప్పుకోవాలి. ఆకు గుర్తు నొక్కగానే తెర మీద ఒక ఆకు ఆకారం వస్తుంది. అప్పుడు కోడలు కుర్చీ ముందుకి లాక్కుని, నడిమి ఈనె నుంచి అంచుదాకా సన్నసన్న గీతలు పెట్టుకుంటూ వస్తుంది. కుట్టు ఎటు వాలాలో ఆ గీత చెబుతుంది. ఆకు వంపు తిరిగిన చోట గీత ఇంకాస్త వాలుతుంది. వెలుగు పడాల్సిన చోట కుట్టు పొడుగు, మొదట్లో పొట్టి, కొసకి వచ్చేసరికి పల్చన. కుట్టేటప్పుడు బట్ట లోపలికి లాగుతుంది కనుక అంచులు కొంచెం బయటికి జరపాలి, లేకపోతే ఈనెకీ ఆకుకీ మధ్య సందు కనిపిస్తుంది. ఒక్కో కొమ్మకి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పడుతుంది. ఎంతసేపు పట్టినా దాని పేరు సర్దడమే.

ఆ పొద్దుటిపూటలంటే ఆమెకి ప్రాణం. కిటికీలోంచి ఎండ వస్తుంటుంది, ముందుగదిలో మిషను టకటకమంటుంటుంది, ఎవరూ ఆమెని ఏమీ అడగరు. ఆకులు సర్దుతుంటే ఆమెకి కాలం తెలియదు. ఇంత ఇష్టమని ఎవరికీ చెప్పలేదు. చెబితే పని కాస్తా ఆటలా కనిపిస్తుందని భయం.

పాటల టీచరు వెళ్ళాక అసలు గొడవ మొదలైంది. ఆమె కొమ్మ బొమ్మని మెయిల్లో పంపింది. పెద్దాయన దాన్ని తెరవనన్నాడు. ఎన్నిసార్లు నొక్కినా గళ్ళు గళ్ళుగా ఏదో చూపించి ఊరుకున్నాడు.

"నేను మొన్ననే చెప్పాను" అన్నాడు మరిది. ఆర్డర్లు పట్టుకొచ్చేదీ, ఇచ్చొచ్చేదీ అతనే. కొత్త వస్తువు ఏది కనిపించినా అతని కళ్ళు మెరుస్తాయి. "దీన్ని మార్చాల్సిందే."

మధ్యాహ్నం భోజనాల దగ్గర పంచాయితీ పెట్టారు.

మరిది వేళ్ళు మడుస్తూ చెప్పాడు. కొత్త సిస్టం చిటికెలో లేస్తుంది. ఎవరు ఏ బొమ్మ పంపినా తెరుస్తుంది. వైరస్‌ల భయం ఉండదు. పాతదాన్ని చేసినవాళ్ళే వదిలేశాక మనం పట్టుకుని వేలాడటమేమిటి. పైగా ఊరికే ఇస్తున్నారు.

"ఊరికే ఇస్తున్నాడంటేనే నాకు అనుమానం" అన్నారు మామగారు. "కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. నడుస్తున్న బండికి చక్రం ఊడదీసి చూస్తానంటావేంట్రా? మన ప్రోగ్రాం దాంట్లో పనిచేస్తుందా? మిషను దాని మాట వింటుందా? వెనకాల గుచ్చే తాళం సంగతేంటి?"

తాళమంటే వేలెడంత ముక్క. కంప్యూటరు వెనక అది గుచ్చి ఉంటేనే కుట్టు ప్రోగ్రాం తెరుచుకుంటుంది.

"అన్నీ పనిచేస్తాయి నాన్నా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి, ఎందుకు పనిచెయ్యవు?"

మిషను నడిపే పెద్దకొడుకు, అంటే కోడలి మొగుడు, తమ్ముడు మాట్లాడినప్పుడు "అదీ నిజమే" అన్నాడు. తండ్రి మాట్లాడినప్పుడు "ఇదీ నిజమే" అన్నాడు. గోడమీద పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకవైపు దూకాలనిపిస్తుంది, అతనికి అదీ అనిపించదు. కంప్యూటరు మెకానిక్‌కి ఫోన్ చేస్తే "మారిస్తే మంచిదే బాబాయిగారూ, మార్చకపోయినా ఇబ్బందేం లేదు" అని తన ధర్మం నెరవేర్చాడు.

"కొత్తది వేడెక్కుతుందా?" అని అడిగింది అత్తగారు.

"అస్సలు వేడెక్కదమ్మా" అన్నాడు మరిది ఉత్సాహంగా.

"అయితే వద్దు. రుమాళ్ళెక్కడ ఆరేసుకోను?"

"సరేగానీ, మీ వదినకి కొత్తది అలవాటవుతుందంటావా?" అన్నాడు మొగుడు తమ్ముడితో.

"అదే అలవాటవుతుందిలే."

"ఏం అలవాటు, ఈ వయసులో మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలంటే పాపం కష్టం కాదూ" అన్నారు మామగారు.

కోడలు అక్కడే ఉంది. ఆమె చేతిలో గరిటె కూడా ఉంది. ఆ మాట ఆమెని అడగడానికి ఎవరికీ తోచలేదు. ఆమెకి మాత్రం ఒకటే ప్రశ్న. కొత్తదాంట్లో ఆకు ఉంటుందా? ఆకు గుర్తు లేకపోతే ఆకులు రావు. ఆకులు రాకపోతే ఆ వెనకగదిలో ఆమెకి పనేముంది? అడుగుదామని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే మామగారు మంచినీళ్ళు అడిగారు. ఒళ్ళు మండింది. నీళ్ళ గ్లాసు పెట్టడం కాస్త గట్టిగానే పెట్టింది గానీ, ఎవరూ తల ఎత్తలేదు. భోజనాలయ్యేసరికి తర్వాత చూద్దాం అని తేల్చారు. అంటే వద్దని.

మర్నాడు పొద్దున కోడలు అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కళ్ళలో చుక్కలు వేసి, అత్తగారికి ప్రపంచమంతా మసకగా చేసి, మధ్యాహ్నానికి వదిలిపెట్టారు. చెయ్యి పట్టుకుని నడిపిస్తూ ఇంటికి వచ్చేసరికి మరిది గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వదినా, కళ్ళు మూసుకుని లోపలికి రా."

"మీ అమ్మకి కనపడక, నేను కళ్ళు మూసుకుని, ఇద్దరం కలిసి ఎక్కడ పడమంటావు?" అంది కోడలు. కానీ వెళ్ళింది.

తెర మూల అతికించిన గుడ్డముక్క లేదు. నీలం పెట్టె లేదు. తెర నిండా కొండలు, ఒక సరస్సు. పెద్దాయన గుర్రుమనడం లేదు. మరిది ఆపి మళ్ళీ వేసి చూపించాడు, నిజంగానే చిటికెలో లేచాడు. పాటల టీచరు పంపిన బొమ్మ నొక్కాడు. కొమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆకుల్లో ఆకుపచ్చ ఎన్ని రకాలుందో ఆమెకి మొదటిసారి కనిపించింది. ఇన్నాళ్ళూ పెద్దాయన తెర మీద ఆకుపచ్చకీ ఊదాకీ పెద్ద తేడా ఉండేది కాదు. ఆమె కండె మీద నంబరు చూసి రంగు గుర్తుపట్టేది. కొత్త సిస్టం తెర రంగులు కూడా సరిచేసిందట. ఉన్నమాట చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకి సంతోషమే వేసింది.

అప్పుడు కుట్టు ప్రోగ్రాం నొక్కింది.

'ఈ ప్రోగ్రాం ఈ సిస్టంలో పనిచేయదు.'

తాళం తీసి గుచ్చారు. పక్కదాంట్లో గుచ్చారు. ఊది గుచ్చారు. కంప్యూటరు ఆపి, వేసి, దణ్ణం పెట్టి గుచ్చారు. ఆమె వేసిన డిజైన్లన్నీ లోపల ఉన్నాయి, పేర్లు కనిపిస్తున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. మరిది మొహాన కత్తివాటుకి నెత్తుటిచుక్క లేదు.

మామగారి అరుపులు వీధిలోకి వినిపించాయి.

"అడిగావా? చేసేముందు ఎవర్నైనా అడిగావా?"

"నిన్నడిగితే వద్దంటావు కదా నాన్నా."

"నన్నడగాలి. మీ అన్నయ్యనడగాలి. మెకానిక్‌ని పిలిచి అడగాలి. పోనీ మీ అమ్మనైనా అడగాలి."

కోడలు గోడకి ఆనుకుని ఆ వరస విన్నది. తన మాట ఎక్కడ వస్తుందా అని చూసింది. రాలేదు. తిట్లలో కూడా రాలేదు. ఆమెకి మరిది మీద ఉన్న కోపం కాస్తా అక్కణ్ణుంచి లేచి ఇంకెటో వెళ్ళి కూర్చుంది.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. పొట్టిగా, నవ్వుమొహంతో ఉంటాడు, చెడ్డ కబురు కూడా శుభవార్తలా చెబుతాడు.

"వెనక్కి తీసుకెళ్ళొచ్చు బాబాయిగారూ, అదేం బ్రహ్మవిద్య కాదు. పాత సిస్టం ఉన్న డిస్కు నా దగ్గర ఎక్కడో ఉండాలి. వెతికి, సరిచేసి, శుక్రవారానికి పెట్టేస్తా."

"శనివారం పొద్దున కచేరీ" అన్నారు మామగారు. "శుక్రవారం పెడితే ఎప్పుడు వేస్తుంది, ఎప్పుడు కుడతాం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది మన పని."

"ఆకులు కూడా లేవు కదండీ ఇప్పుడు" అన్నాడు మెకానిక్. ఎవరూ నవ్వలేదు. అతను గొంతు సవరించుకుని, ఈలోగా వాడుకోమని కొత్త కుట్టు ప్రోగ్రాం ఒకటి దించి ఇచ్చాడు. నెల్లాళ్ళు ఊరికే వాడుకోవచ్చట. "ఇందులో అన్నీ అదే చేసుకుంటుందక్కా. బొమ్మ ఇచ్చి మీట నొక్కడమే."

బొమ్మ ఇచ్చి మీట నొక్కారు. కొమ్మ అంతా నిమిషంలో కుట్లయిపోయింది. మొగుడు పాతగుడ్డ మీద కుట్టి తెచ్చాడు. ఆకులన్నీ ఒకేవైపు వాలి, దళసరిగా, గోనెపట్టా ముక్కలు అతికించినట్టున్నాయి. చుట్టూ బట్ట ముడతలు పడింది.

మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశారు. "పోయింది. పెద్దాయన చెయ్యి పోయింది."

ఆ పూట ఎవరికీ అన్నం సయించలేదు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అని అత్తగారు రెండుసార్లు అంది. కోడలు ఆ గుడ్డముక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది. వ్యాపారం గురించి కాదు. రేపు పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని సర్దడానికి ఆకు లేదే అని.

బుధవారం పొద్దున ఆమె ఒక పని చేసింది. కొత్త ప్రోగ్రాం వాళ్ళ సాయం నంబరు తెర మీద కనిపిస్తే, ఎవర్నీ అడక్కుండా ఫోన్ కలిపింది. ఒక అమ్మాయి ఎత్తింది. చిన్న గొంతు, మర్యాద గొంతు. కోడలు ముందు తమ పాత ప్రోగ్రాం పేరు చెప్పింది.

"ఆకు గుర్తు ఎక్కడుందో చెప్తావా అమ్మా? పాతదాంట్లో పైన ఎడమపక్క ఉండేది."

కోడలి గొంతు విని మరిది వచ్చాడు. అతని వెనక మామగారు వచ్చారు. "అందరికీ వినపడేలా పెట్టు" అన్నారు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి గొంతు పెద్దది చేసింది. చేతులు తుడుచుకుంటూ మొగుడూ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అత్తగారూ కూడా గుమ్మంలో చేరారు.

"ఆకారం గీసే గుర్తులు పైన ఉన్నాయండీ, అందులో ఆకు కూడా ఉంది" అంది ఫోన్లో అమ్మాయి.

"అది చూశానమ్మా. అది నొక్కితే వట్టి ఆకారమే వస్తోంది. పాతదాంట్లో కుట్టు తిరిగేది. ఈనె దగ్గర్నుంచి వాలుతూ, వెలుగు పడినట్టు. ఆ ఆకు కావాలి."

"పాతదాంట్లో అలాంటిది లేదండీ. నేను పని నేర్చుకున్నదే ఆ ప్రోగ్రాం మీద. మీ దగ్గర కుట్టినది ఏదైనా ఉంటే ఫొటో తీసి పంపుతారా?"

మరిది గబగబా గోడకి వేలాడే పాత నమూనా ఒకటి ఫొటో తీసి పంపాడు.

"ఇది ఎవరు వేశారండీ?"

"కంప్యూటరే" అంది కోడలు. "నేను కొంచెం సర్దానంతే."

"ఎలా సర్దారు?"

ఎలా అంటే ఏం చెబుతుంది. ఎప్పుడూ ఎవరూ అడగలేదు. తడబడుతూ మొదలుపెట్టింది. ఈనె నుంచి గీతలు పెట్టడం చెప్పింది. వంపు దగ్గర వాల్చడం చెప్పింది. వెలుగు దగ్గర పొడుగు, మొదట్లో పొట్టి, కొసకి పల్చన. బట్ట లాగుతుందని అంచులు జరపడం, పై ఆకు కింది ఆకు మీద పడినచోట కింది కుట్లు తీసేయడం, దారం ఎక్కువసార్లు తెగకుండా ఏ ఆకు తర్వాత ఏ ఆకు కుట్టాలో వరస పెట్టడం. చెబుతున్నకొద్దీ ఇంకా ఉంది. తను ఇన్ని చేస్తుందని ఆమెకే కొత్తగా వినిపించింది.

ఫోన్లో అమ్మాయి అంతా విని నెమ్మదిగా అంది. "అమ్మా, మీరు చెప్పినవన్నీ తీసేస్తే ఇంక కంప్యూటరుకి మిగిలేది బయటి గీత ఒక్కటేనండీ."

అత్తగారు నల్లకళ్ళద్దాలు తీసి కోడలి వైపు చూసింది.

"అంటే ఇన్నాళ్ళూ ఆకులు వేసింది నువ్వా?" అంది అత్తగారు.

"నాకూ తెలీదత్తయ్యా" అంది కోడలు.

గీతలు పెట్టే గుర్తు కుడిపక్క ఉందని చెప్పి, ఆ ఫొటో నేను దాచుకోవచ్చా అని అడిగి, ఫోన్లో అమ్మాయి సెలవు తీసుకుంది. మామగారు "పదండి పదండి, ఇక్కడేం పని మీకు" అని అందర్నీ బయటికి తోలారు. తనూ వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. ఆ తలుపు ఎవరైనా వేయడం కోడలు ఎరగదు.

ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. మొదటి ఆకు ఆకారం పెట్టింది. మొదటి గీత పెట్టింది. చెయ్యి దానంతటది రెండో గీత దగ్గరికి వెళ్ళిపోయింది. నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, వెతుక్కోవాల్సింది మాత్రం బోలెడుంది. వేసింది భద్రంగా దాచే మీట ఎక్కడో మూలకి పోయింది. పాతదాంట్లో పక్కపక్కనే ఉండే రెండు గుర్తులు ఇందులో పోట్లాడుకున్నవాళ్ళలా చెరో చివరా కూర్చున్నాయి. కాసేపటికోసారి 'మీకు సాయం కావాలా' అని ఒక బొమ్మ వచ్చి అడుగుతుంది.

"కావాలి, కాసేపు నోరుమూసుకో" అంది దాంతో.

కానీ గీత వాల్చగానే కుట్లన్నీ అప్పటికప్పుడు తెర మీద వాలి కనిపిస్తున్నాయి. పాతదాంట్లో మనసులో ఊహించుకోవాల్సి వచ్చేది, తప్పయితే మిషను మీదే తెలిసేది. ఇక్కడ తప్పు పెట్టి, చూసి, చెరిపి, ఇంకో తప్పు పెట్టి చూడొచ్చు. ఆమె కావాలనే తప్పులు పెట్టింది. ఒక ఆకుని గాలి వెనక్కి తిప్పినట్టు, అడుగుభాగం కనిపించేలా తిప్పింది. అలాంటిది ఇదివరకు ఎప్పుడూ వేయలేదు, ధైర్యం చాలేది కాదు. దానికి లేతాకుపచ్చ పెట్టింది. బాగుంది. ఇంకొకటి తిప్పింది. పైకే నవ్వింది. తలుపు అవతల అత్తగారు, "నవ్వుతోందిరా, ఏం భయం లేదు" అని ఎవరితోనో అనడం వినిపించింది.

మధ్యాహ్నానికి కొమ్మ పూర్తయింది. మొగుడు ఒక కోటు తీసుకుని, వీపు కింద కాగితంగుడ్డ పరిచి, ఫ్రేములో పెట్టి మర బిగించాడు. వేలితో మీటితే డప్పులా మోగాలి, మోగింది. మందపు బట్ట కనుక మిషను వేగం తగ్గించాడు. సూది దిగింది. అందరూ వంగారు. ముదురాకుపచ్చ మొదటి ఆకు ఈనె నుంచి విచ్చుకుంటూ అంచుదాకా వచ్చింది. దారం మారింది. వెనక్కి తిరిగిన ఆకు వచ్చేసరికి మామగారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మరిదికి ఇంతసేపటికి ఊపిరి వచ్చింది.

అత్తగారు దారాల కొసలు కత్తిరించి ఇచ్చింది. మామగారు కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వేలితో కుట్టు వాలు వెంట నిమిరారు, తర్వాత ఎదురు నిమిరారు. చాలాసేపు చూశారు.

"పాతవాటికన్నా బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం అత్తగారు పెళ్ళైనప్పట్నుంచీ వినలేదట.

ఆ రోజూ మర్నాడూ మిషను ఆగలేదు. మరిది నోరెత్తకుండా కోట్లు మడతపెట్టాడు. శుక్రవారం పొద్దున పాటల టీచరు వచ్చి, ఒక కోటు విప్పి చూసి, మొదటిసారి ఆ షాపులో కుర్చీలో కూర్చుంది.

"ఏం చెయ్యండీ మీ కంప్యూటరుది."

"కంప్యూటరు కాదమ్మా, మా కోడలు" అన్నారు మామగారు.

పాటల టీచరు అర్థంకాక కోడలి వైపు చూసింది. కోడలు "ఆఁ, నేనే" అంది. అనగానే ఆమె చెవులు వేడెక్కాయి. ఆ రెండు ముక్కలూ అనడానికి ఆకు వెయ్యడం కన్నా కష్టపడింది.

పాటల టీచరు అటు వెళ్ళిందో లేదో మెకానిక్ ఇటు దిగాడు. చంకలో పాత డిస్కు, చేతిలో స్క్రూడ్రైవరు, మొహం నిండా నవ్వు. "దొరికింది బాబాయిగారూ. అరగంటలో మీ పెద్దాయన్ని మళ్ళీ లేపి కూర్చోబెడతా."

"కానియ్" అన్నారు మామగారు అలవాటుగా. మెకానిక్ పెట్టె దగ్గర గొంతుకు కూర్చుని మర మీద స్క్రూడ్రైవరు పెట్టాడు.

"ఆగు" అన్నారు మళ్ళీ ఆయనే.

మరిది కొత్తది ఉంచేద్దాం అనబోయి, నోరు తెరిచి, మూసుకున్నాడు. మొగుడు అదీ నిజమే, ఇదీ నిజమే అనలేదు. మామగారు కోడలి వైపు తిరిగారు. ఆయనకి ఇది కొత్త పని, అంచేత రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు చెప్పు. పాతది పెట్టమంటావా, కొత్తది ఉంచమంటావా?"

నలుగురూ ఆమె మొహమే చూస్తున్నారు. మెకానిక్ స్క్రూడ్రైవరు గాల్లో పట్టుకుని ఉన్నాడు.

ఏం చెప్పాలో ఆమెకి తెలుసు. ఆకులు ఎందులోనైనా వేస్తుంది, ఆ భయం తీరిపోయింది. కొత్తదే ఉండనీ, కుట్టు కళ్ళకి కనిపిస్తుంది, రంగులు రంగుల్లా ఉంటాయి. నెల్లాళ్ళ తర్వాత ఆ ప్రోగ్రాం కొనాలి, కొనిపిస్తుంది. కానీ పాత డిజైన్లు వదులుకోదు. మెకానిక్ దగ్గర పడున్న పాతపెట్టె ఏదైనా తెప్పించి, ఆ డిస్కూ తాళమూ దానికి పెట్టి, ఇంటర్నెట్టు తీగ తగిలించకుండా మూలన ఉంచితే సరిపోతుంది. ఎప్పుడైనా పాత డిజైను కావాలంటే అందులో తెరుచుకోవచ్చు. అత్తగారికి రుమాళ్ళు ఆరేసుకునే వేడీ దక్కుతుంది. ఇకమీదట తనని అడక్కుండా ఎవరూ ఏ మీటా నొక్కకూడదు. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేయొచ్చు.

"ఆలోచించాలి మామయ్యగారూ" అంది. "ఆకలేస్తోంది. తినొచ్చి చెప్తాను."

మెట్లెక్కి పైకి వెళ్ళింది. కంచం పెట్టుకుంది, తీరిగ్గా కూర్చుంది. కిందనుంచి మరిది గొంతు వినిపించింది. "వదిన ఏమంటుందంటావ్ అన్నయ్యా?" మెకానిక్ తనకింకో చోట పని ఉందన్నాడు.

"ఉంటే ఉండనీ, కూర్చో" అన్నారు మామగారు. "ఎవరూ పిలవకండి. నిదానంగా తిననివ్వండి."

ఆమెకి కడుపు నిండిపోయింది. అయినా ఇంకో గరిటెడు వడ్డించుకుంది.